చక్రాల ఇంటికి నాలుగు హద్దులు

చక్రాల ఇల్లు కొనుక్కుని దేశం తిరుగుదామనే సరదా ఈమధ్య చాలామందికి పట్టుకుంది. పేపర్లో బొమ్మలు చూసి తిన్నగా మా ఇంటికొస్తున్నారు. "తాతా, నువ్వు వెళ్లొచ్చినవాడివి గదా, నాలుగు మెలకువలు చెప్పు" అంటున్నారు. చెబుతాను. ఐదో తరగతి దాకా వీధిబడిలో చదివి, నలభై ఏళ్లు ట్రాక్టరు తోలినవాణ్ణి. నాకు తెలిసినవి కూడా నాలుగే.

బండికీ ఇంటికీ మధ్య హుక్కు తగిలించాక పిన్ను పడిందో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. కంటిని నమ్మకూడదు. బరువు సామానంతా ఇరుసుకి కాస్త ముందుగా సర్దాలి. వెనక సర్దారంటే రోడ్డు మీద ఇల్లు తోక ఆడిస్తుంది. కదిలేముందు గ్యాసు బండ కట్టెయ్యాలి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం: తూర్పు హద్దుని పడమటి హద్దుకి అందకుండా దూరంగా కట్టేసుకోవాలి. లేకపోతే దారిలో తినేస్తుంది.

ఈ నాలుగోది మీకు అర్థం కాలేదంటే మీకింకా ఆఫీసులతో పని పడలేదన్నమాట. అదృష్టవంతులు. మొదట్నుంచీ చెబుతాను, వినండి.

మా ఆవిడ నాంచారమ్మ సముద్రం చూడలేదు. పెళ్లైన కొత్తలో చూపిస్తానన్నాను. తర్వాత నాట్లొచ్చాయి, కోతలొచ్చాయి, మళ్లీ నాట్లొచ్చాయి. తీరిక దొరికేసరికి ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి. కమోడు లేనిచోటికి కదలనని కూర్చుంది. ఇంతలో నీటికాసులొచ్చి ఎడమ కన్ను పోయింది. టౌనులో కంటి డాక్టరు కుడి కంట్లోకి దీపం వేసి చూసి, "చుక్కల మందు మానకండి. ఒక ఏడాది వరకూ ఫరవాలేదు. ఆపైన నేను మాటివ్వలేను" అన్నాడు.

తిరిగొస్తూ బస్సులో ఆవిడ అడిగింది. "ఏవయ్యా, సముద్రం మన కాలవకి ఎన్ని రెట్లుంటుంది?"

"మొదలు కనపడుతుందే. చివర ఎవడికీ కనపడదు."

"చివర ఎందుకులే. ఉన్న కంటికి మొదలు చూపించు చాలు."

మర్నాడే లారీ బాడీలు కట్టే మస్తాన్ మేస్త్రి షెడ్డుకి వెళ్లాను. రెండు నెలల్లో పదమూడడుగుల ఇల్లు కట్టి ఇచ్చాడు. లోపల మంచం, వంటగట్టు, కమోడు, మంచానికి ఎదురుగా పెద్ద కిటికీ. చేతి అలవాటు కొద్దీ వెనక తలుపు మీద రెండు నెమళ్లు వేసి, మధ్యలో 'దూరం పాటించుము' అని రాశాడు. మా పాత జీపుకి తగిలిస్తే బుద్ధిగా వెంట వచ్చింది. ఇక నంబరు వేయించుకుని బయల్దేరడమే అనుకున్నాను.

రవాణా ఆఫీసులో గుమాస్తా తలుపు తీసి లోపలికి చూశాడు. "వంటగట్టుంది. దొడ్డి ఉంది. ఇది ఇల్లు. ఇళ్లకి మేం నంబర్లివ్వం, పంచాయతీకి పొండి" అన్నాడు.

పంచాయతీ ఆఫీసులో కార్యదర్శి వంగి కిందికి చూశాడు. "చక్రాలున్నాయి. పునాది లేదు. ఇది బండి. బండ్లకి మేం డోరు నంబర్లివ్వం, రవాణా ఆఫీసుకి పొండి" అన్నాడు.

ఒకాయన లోపల చూసి పంపితే ఒకాయన కింద చూసి పంపేవాడు. మూడు నెలలు ఆ రెండాఫీసుల మధ్యే సంచారం చేశాం. చక్రాలుండబట్టి సరిపోయింది, పునాది ఉంటే ఏమైపోయేవాళ్లమో. చక్రాల ఇంటిని వెనక్కి తోలడం కూడా నేను రవాణా ఆఫీసు వాకిట్లోనే నేర్చుకున్నాను. ఇల్లు కుడికి తిరగాలంటే స్టీరింగు ఎడమకి తిప్పాలి. ఆఫీసులో పని ముందుకి జరగాలన్నా ఇంచుమించు ఆ సూత్రమే.

ఊళ్లో మా పాత ఇంట్లో మంచానికి ఎదురుగా గోడకి ఎరువుల కొట్టువాళ్లిచ్చిన క్యాలెండరు ఉండేది. చక్రాల ఇల్లు కట్టించిన కొత్తలో నాంచారమ్మ మంచం మీంచే తిథులు చదివేది. ఈ మూడు నెలలూ అయ్యేసరికి తిథులు పోయాయి, తేదీలు మిగిలాయి. నేను రోజూ పొద్దున్నే లేచి, "ఇవాళెంతే?" అని అడిగేవాణ్ణి. తేదీ కోసం కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

సరిగ్గా అప్పుడే పైవాళ్లకి చక్రాల ఇళ్ల మీద మహా మోజు పుట్టింది. జనమంతా ఇళ్లేసుకుని తిరిగితే జిల్లాలు బాగుపడతాయని ఎవరో చెప్పారట. జిల్లాకొక 'జంగమ గృహ ప్రోత్సాహక విభాగం' పెట్టారు. మా జిల్లా ఆఫీసులో పదకొండుమంది ఉద్యోగులు. జిల్లా మొత్తానికి జంగమ గృహం ఒక్కటే, నాది. పదకొండుమందీ నా కోసం వెతుక్కుంటూ వచ్చారు. వాళ్లకి పెద్ద, ప్రత్యేకాధికారి మార్తాండరావు గారు. ఆయన మామూలుగా మంచినీళ్లడిగినా శిలాశాసనం చదివినట్టుండేది. పక్కన సర్వేయరు దానియేలు. చేతిలో కొలతల టేపు, చంకలో రిజిస్టరు. నోట్లోంచి మాట మాత్రం లేదు.

"కోటిలింగం గారూ, తమరు ఈ జిల్లాలో జంగమ జీవన విధానానికి ఆద్యులు. తమ సమస్యను మేము సానుభూతితో పరిశీలించితిమి" అన్నారు మార్తాండరావు గారు. "నిలిచియున్నప్పుడు ఇది గృహము. కదులుచున్నప్పుడు వాహనము. ఇందులో వివాదమునకు తావు లేదు."

మూడు నెలల్లో నాకు ఎవరూ చెప్పని మాట. దణ్ణం పెట్టాను.

"అయితే" అన్నారాయన. ఆ ముక్క వినగానే చేతులు దించేశాను. "గృహమన్న తరువాత నాలుగు హద్దులుండవలెను. హద్దులు లేని గృహము చట్టము కంటికి కనపడదు. దానియేలూ, వ్రాయుము."

మా వాకిట్లో నిలిపి ఉన్న ఇంటి చుట్టూ తిరిగి దానియేలు రాసుకొచ్చాడు. తూర్పు: బసవయ్య గొడ్ల చావిడి. పడమర: రత్తమ్మ గడ్డివామి. ఉత్తరం: మురుగు కాలవ. దక్షిణం: పంచాయతీ రోడ్డు.

"ఇక మేం వెళ్లొచ్చాండీ?" అన్నాను.

"నిరభ్యంతరముగా. కానీ వెళ్లినచోట హద్దులు మారినచో అది వేరొక గృహమగును. వేరొక గృహమునకు వేరొక అనుమతి కావలెను. అనుమతికై గృహమును ఇచ్చటికి తెచ్చి చూపవలెను."

"ఇక్కడికి తెస్తే మళ్లీ పాత హద్దులే వస్తాయి గదండీ?"

"అప్పుడు అనుమతి అవసరమే లేదు" అన్నారు ఆయన, సంతోషంగా.

లోపల మంచం మీద పడుకున్న నాంచారమ్మకి చిర్రెత్తుకొచ్చింది. "అంతగా అయితే ఆ హద్దుల్ని కూడా మూటగట్టుకుని పోతే సరి!" అని అరిచింది.

మార్తాండరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అమ్మా! రాజధానిలో నాలుగు కమిటీలకు తట్టని పరిష్కారము!" అన్నారు.

నేను కాళ్లావేళ్లా పడ్డాను, అది కోపంతో అన్న మాట, సలహా కాదు అని. "వినయము ఆమెకు సహజము" అని రాసుకుని వెళ్లిపోయారు. రెండు నెలలకి 'హద్దుల సహప్రయాణ నియమావళి' అచ్చై వచ్చింది. ఇరవైనాలుగు పేజీలు. ఇల్లు ఎక్కడికి వెళ్తే నాలుగు హద్దులూ అక్కడికి వెళ్లాలి, ఏ దిక్కుది ఆ దిక్కున ఉండాలి, పర్యవేక్షణకి అధికారి వెంట ఉండాలి. ఈలోగా క్యాలెండరులో నల్ల తేదీలు పోయి ఎర్ర ఆదివారాలు మాత్రం మిగిలాయి.

ఇక హద్దుల్ని బయల్దేరదీయడం. ముందు దక్షిణం. నమూనాకి తట్టెడు కంకర తెస్తే రోడ్డు వచ్చినట్టే అన్నారు. మా పంచాయతీ రోడ్డులో తట్టెడు కంకర కోసం దానియేలు ఒక పూటంతా వెతికాడు. చివరికి దొరికినదంతా ఎత్తితే తట్ట నిండలేదు. నమూనా కాదు, మా రోడ్డు మొత్తం తట్టలోకి వచ్చేసింది. ఉత్తరానికి ఒక పీపాడు మురుగు పట్టి, మూతకి లక్క సీలు వేశారు. హద్దులు సర్కారు సంరక్షణలో ఉండాలని నియమావళిలో ఉండబట్టి పీపా మార్తాండరావు గారి కారు డిక్కీలోకి ఎక్కింది. నియమావళి రాసిందీ ఆయనే.

తూర్పు దగ్గర బసవయ్య అడ్డం తిరిగాడు. "కోటిలింగం బావా, నీకేమన్నా మతిపోయిందా? రాతి స్తంభాల చావిడి. ఎలా లేపుతావు?"

మార్తాండరావు గారు చెయ్యెత్తారు. "చావిడి యనగానేమి? గొడ్లు ఉండుచోటు. కావున గొడ్లు ఎచ్చట ఉండునో అదియే చావిడి. దానియేలూ, వ్రాయుము."

దానియేలు రాశాడు. రాస్తూ ఒక్కసారి తలెత్తి, ఇంట్లో నాంచారమ్మ మంచినీళ్ల గ్లాసు కోసం గట్టు మీద చేత్తో వెతుక్కోవడం చూశాడు. మళ్లీ తల దించుకుని ఆ వాక్యం కింద గీత గీశాడు.

బసవయ్య నాలుగు గేదెల్నీ మినీ లారీ ఎక్కించాడు. రత్తమ్మ గడ్డివామిని ట్రాక్టరుకెత్తారు. ఆవిడ గడ్డి మీద కూర్చుని దిగలేదు. "అన్నయ్యా, ఈ ఊళ్లో ఎవర్ని నమ్మినా గడ్డి విషయంలో బసవయ్యని నమ్మను. నా వామి ఎక్కడికి వెళ్తే నేనక్కడికి" అంది.

అలా ఊరేగింపుగా బయల్దేరాం. ముందు జీపు, వెనక ఇల్లు, దాని వెనక చావిడి, దాని వెనక గడ్డివామి మీద రత్తమ్మ, ఆఖర్న కారులో మురుగు కాలవతో మార్తాండరావు గారు. దారిలో జనం ఏ దేవుడి ఉత్సవమో తెలియక, ఎందుకైనా మంచిదని దణ్ణాలు పెట్టారు. కొందరు రత్తమ్మకి కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆవిడ చిప్పలు తీసుకుంది.

ఆ రోజు పొద్దున్నే, "ఇవాళెంతే?" అని అడిగితే నాంచారమ్మ గోడవైపు చాలాసేపు చూసి, "ఎరుపు ఎక్కడో ఉందయ్యా" అంది. అందుకని నేను ఎక్కడా ఆగదల్చుకోలేదు. కానీ రెండు గంటలకొకసారి ఆగి చక్రం బిళ్లలు వేడెక్కాయేమో చెయ్యి పెట్టి చూడాలి. మీరూ చూడండి. ఒక దాబా దగ్గర ఆపి, చక్రాల కింద చెక్కలు పెట్టి ఇల్లు సమం చేస్తున్నాను. వెనక్కి తిరిగేసరికి రత్తమ్మ గావుకేక.

మినీ లారీ పక్కన ట్రాక్టరు ఆపారు. నాలుగు గేదెలూ మెడలు చాపి వామిలో సగం లాగించేశాయి.

"చూశావా అన్నయ్యా! ఇందుకే నేను గడ్డి మీదే కూర్చుంది!"

"కూర్చుని నిద్రపోయావు గదమ్మా" అన్నాడు బసవయ్య. "అవేమన్నా దొంగతనం చేశాయా? ఎదురుగా పెట్టారు, తిన్నాయి."

మార్తాండరావు గారు కారు దిగారు. ఆయన దగ్గర అప్పటికే ఉత్తరపు హద్దు వాసన వస్తోంది. దృశ్యం చూసి ముఖం పాలిపోయింది. "తూర్పు హద్దు పడమటి హద్దును ఆక్రమించినది! ఇట్టి సందర్భము నియమావళిలో లేదు. వెనుకకు మరలుడు. గ్రామమునకు పోయి, గడ్డి పూరించి, పునఃకొలత జరిపి, పై నెలలో..."

"పై నెల!" అన్నాను. ఇంటి కిటికీలోంచి నాంచారమ్మ ఇటే చూస్తోంది. చూస్తోందో, వింటోందో.

అప్పుడు దానియేలు మొట్టమొదటిసారి నోరు తెరిచాడు.

"అయ్యగారూ, పడమటి హద్దు ఎక్కడికీ పోలేదండి. తూర్పు హద్దు కడుపులో భద్రంగా ఉంది. రేపు పొద్దుటికి బయటికొస్తుంది."

"ఏ రూపములో?"

"పేడ రూపంలోనండి. పిడకలు కొట్టి రత్తమ్మగారికి అప్పజెబితే హద్దు హద్దే. రూపం ఒక్కటే మారింది."

మార్తాండరావు గారు కళ్లు మూసుకుని ఆలోచించారు. "రూపాంతరము చెందిన హద్దు. బాగున్నది. వ్రాయుము" అన్నారు.

బసవయ్య బక్కెట్టు తీసుకుని బోరింగు వైపు నడిచాడు. "ఎండుగడ్డి మేశాయి, నోరెండిపోయి ఉంటుంది. నీళ్లు పెట్టాలి."

"ఆగండి బసవయ్యగారూ" అన్నాడు దానియేలు, ముఖంలో ఒక్క గీత కదలకుండా. "నీళ్లు పెడితే హద్దు బరువు మారుతుంది. మళ్లీ కొలవాలి."

"సత్యము! గమ్యము చేరువరకు హద్దులకు నీళ్లు నిషేధము!" అన్నారు మార్తాండరావు గారు. తన శాఖలో ఇంత చురుకైనవాడున్నందుకు ఆయన ఛాతీ కాస్త పొంగింది.

పొద్దు వాలకముందే పల్లెతిప్ప తీరం చేరాం. సరుగుడు తోట దాటాక గట్టి నేల చూసి, కిటికీ తూర్పుకి వచ్చేట్టు ఇల్లు నిలిపాను. ఎదురుగా నూరు గజాల్లో సముద్రం. హోరు వినగానే నాంచారమ్మ మంచం మీద లేచి కూర్చుని, కొంగుతో కుడికన్ను తుడుచుకుంది.

"ఉండవే, కిటికీ రెక్క తీస్తాను" అని చెయ్యి వేశాను.

"ఆగుడు!" అని వెనకనించి కేక. మార్తాండరావు గారు ఒక చేత్తో నియమావళి, ఒక చేత్తో ముక్కు పట్టుకుని నిలబడ్డారు. "తూర్పున ఏమున్నది?"

"సముద్రం అండీ."

"రికార్డులో తూర్పున బసవయ్య చావిడి కలదు. సముద్రము ఎట్లు వచ్చినది?"

"మాకంటే ముందే వచ్చిందండీ."

ఆయన వినలేదు. కిటికీకి పది గజాల దూరంలో నాలుగు వెదుళ్లు పాతించి, పైనా పక్కలా టార్పాలిన్ పట్టాలు కట్టించి, గేదెల్ని వరసగా నిలబెట్టించారు. కట్టుకొయ్యలు వేయించారు. తట్టెడు రోడ్డు దక్షిణానా, పీపా ఉత్తరానా, మిగిలిన గడ్డి మీద రత్తమ్మ పడమటా కూర్చున్నారు. మా ఊళ్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే అయింది.

"ఇప్పుడు కిటికీ తెరువవచ్చును" అన్నారు.

తెరిచాను. నాంచారమ్మ ముందుకి వంగి చాలాసేపు చూసింది.

"ఇదేనా? నల్లగా ఉందేమయ్యా" అంది. ఇంకొంచెం చూసి, "కదులుతోంది. అయినా ఇదేం వాసన? మన బసవయ్య చావిడి వాసనలాగా ఉందే?"

బయటికొచ్చి మార్తాండరావు గారి చెయ్యి పట్టుకున్నాను. "అయ్యా, ఒక్క ఐదు నిమిషాలు ఆ పట్టా విప్పించండి. ఇసకలో ఆవిడ నడవలేదు. ఈ కన్ను మళ్లీసారికి ఉండదు."

"మీరు సముద్రమును చూచుటకు వచ్చితిరి. నేను హద్దులను చూచుటకు వచ్చితిని. ఎవరి విధి వారిది" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నాకు కోపం తెప్పించింది.

ఇక ఆయన్ని పట్టుకుని నేను ఏదో ఒకటి చేసేవాణ్ణే. గేదెలు ఆ అవసరం లేకుండా చేశాయి.

బసవయ్య గేదెల్లో పెద్దది, నుదుట తెల్లమచ్చది, దాని పేరు చుక్క. పొద్దుట్నుంచీ ఎండ, కడుపు నిండా ఎండుగడ్డి, గుక్కెడు నీళ్లు లేవు. ఎదురుగా నీళ్ల చప్పుడు. మోర ఎత్తి ఒకసారి వాసన చూసింది. ఒకే ఒక్క గుంజు. ఇసకలో పాతిన కట్టుకొయ్య ఎంతసేపు ఆగుతుంది? కొయ్య లేచింది, వెదురు లేచింది, పట్టా లేచి చుక్క వీపు మీద పరుచుకుంది. అది పట్టుశాలువా కప్పుకున్న జమీందారిణిలాగా నడుచుకుంటూ సముద్రంలో దిగింది. మిగతా మూడూ దాని వెంటే.

"ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండా! ఆగవే చుక్కా!" అని పంచె ఎగ్గట్టి బసవయ్య పరుగు.

"హద్దు కదులుచున్నది! నిలుపుడు! చావిడిని తిరిగి తెండు!" అని ఇసకలో గంతులేస్తూ మార్తాండరావు గారు.

దానియేలు తాపీగా రిజిస్టరు తెరిచి, గీత గీసిన వాక్యం మీద వేలు పెట్టి ఆయన కళ్ల ముందుంచాడు. "గొడ్లు ఎచ్చట ఉండునో అదియే చావిడి. తమరే రాయించారండి. చావిడి దాని చోటనే ఉంది. కొంచెం దూరం జరిగింది, అంతే."

"అట్లయిన..." ఆయన చూపు ఇంటి మీంచి గేదెల దాకా మెల్లిగా వెళ్లింది. గేదెలు అప్పటికి మెడలోతులో ఉన్నాయి. "గృహమునకును తూర్పు హద్దునకును నడుమ ఉన్నది..."

"ఇంటి స్థలమండి. కోటిలింగం గారిది. కొలుద్దామా?"

కొలిచారు. ఇంటి దగ్గర్నించి టేపు జరుపుకుంటూ నీళ్ల అంచు దాకా వచ్చి, అక్కడ ఒక కొస మార్తాండరావు గారు పట్టుకున్నారు, రెండో కొస దానియేలు పట్టుకుని నీళ్లలోకి వెళ్లి చుక్క కొమ్ముకి ఆనించాడు. కెరటం వచ్చి అధికారి గారి బూట్లు తడిపింది. చుక్క ఇంకో నాలుగడుగులు లోపలికి వేసింది. "స్థలం పెరిగిందండోయ్!" అని అక్కణ్ణించి దానియేలు అరిచాడు. మార్తాండరావు గారు కొట్టేసి మళ్లీ రాశారు.

నేను లోపలికి పరిగెత్తాను. నాంచారమ్మ కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని ఉంది. ఊపిరి తీస్తోందో లేదో కూడా తెలియలేదు.

"తెల్లగా వస్తోందయ్యా" అంది. "పోయింది. అదిగో మళ్లీ. ఎవరు తోలుతున్నారు దాన్ని?"

"ఎవరూ తోలరే. దానంతటదే."

"ఇదంతా మన వాకిలేనట గదా? ఆ సర్వేయరబ్బాయి అరుస్తున్నాడు."

"గేదెల దాకా మనదే."

"చాల్లే. ఊడ్చుకోలేక చస్తాను" అంది. పొద్దు వాలి, తెలుపు నీలంలో కలిసిపోయేదాకా కిటికీ వదల్లేదు. అప్పుడు గేదెల్ని బయటికి తోలి, కడుపునిండా మంచినీళ్లు పెట్టించాం.

ఆర్నెల్లైంది. ఇప్పుడు క్యాలెండరులో ఎరుపు కూడా లేదు. మార్తాండరావు గారి సంతకంతో ఇంటి పత్రం మాత్రం మా దగ్గరుంది. ఆవిడ తనకి చదివి వినిపించమంటుంది. తూర్పు: బసవయ్య గొడ్ల చావిడి. గృహమునకును చావిడికిని నడుమ గల ఖాళీ స్థలము: సముద్రము, అలలతో సహా. "అలలతో సహా" దగ్గర ఆపి, మళ్లీ చదవమంటుంది.

మొన్న చదవడం అయ్యాక, "ఏవయ్యా, ఖాళీ స్థలం ఇన్నాళ్లు వదిలేస్తే ఎవడైనా ఆక్రమించుకుంటాడు. ఒకసారి వెళ్లి చూసుకొద్దామా?" అంది.

బసవయ్యకి కబురు పెట్టాను. రత్తమ్మ అప్పటికే గడ్డి మీద కూర్చుంది. జీపు వెనక్కి తోలి, ఇంటికి హుక్కు తగిలించి, పిన్ను వేశాను. నాంచారమ్మ గోడ పట్టుకుని మెల్లిగా వచ్చి, నా చెయ్యి పక్కకి నెట్టి, తనే తడిమి చూసింది.

"పడింది. పోనీ" అంది.